బల్ల సర్దుతుంటే దొరికిన మందు

1957. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, నట్లీ పట్టణం. హాఫ్‌మన్-లా రోష్ మందుల కంపెనీ ప్రయోగశాలలో కిక్కిరిసిన బల్లలు సర్దుతున్నారు. ఎర్ల్ రీడర్ అనే రసాయనవేత్తకు ఓ స్ఫటికాల పొడి కనిపించింది. తయారై రెండేళ్లయినా ఎవరూ పరీక్షకు పంపలేదు. పై అధికారి లియో స్టెర్న్‌బాక్ దాన్ని చెత్తబుట్టలో వేయించకుండా జంతు పరీక్షలకు పంపారు.

స్టెర్న్‌బాక్ యూదుడు. పోలండ్‌లోని క్రాకోలో రంగుల రసాయనాలపై పనిచేసి, 1941లో అమెరికా చేరారు. అక్కడ ఆందోళన తగ్గించే మిల్టౌన్ అనే మాత్ర విరగబడి అమ్ముడవుతుంటే పోటీ మందు చేయమంది కంపెనీ. ఆయన క్రాకో నాటి పాత సరుకునే మళ్లీ బయటికి తీసి, సుమారు 40 పదార్థాలు తయారు చేశారు. ఏదీ పనికిరాలేదు. పక్కనపడి మిగిలిందే ఈ పొడి.

ఎలుకలకు ఇస్తే కండరాలు సడలి, వాలుగా పెట్టిన జాలీ మీద నుంచి జారిపోయాయి. కానీ మెలకువగానే ఉన్నాయి. అప్పటి నిద్రమాత్రలతో అలా కుదిరేది కాదు. 1960లో అది లిబ్రియం పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1963లో దాని తమ్ముడు వాలియం, అంటే డయాజెపామ్. 1978 ఒక్క ఏడాదిలోనే అమెరికాలో 230 కోట్ల వాలియం మాత్రలు అమ్ముడయ్యాయి.

విచిత్రమేమిటంటే, ఆ మాత్ర మెదడులో ఎక్కడ పట్టుకుంటుందో తొలి పద్నాలుగేళ్లు రాసే డాక్టరుకూ తెలియదు, చేసే కంపెనీకీ తెలియదు. 1977లో డెన్మార్క్‌లో స్క్వైర్స్, బ్రెస్ట్రప్, స్విట్జర్లాండ్‌లో మోలర్, ఒకాడా విడివిడిగా ఆ చోటు పట్టుకున్నారు. మెదడులో ఉద్రేకాన్ని అణచే గాబా అనే రసాయనం నాడీకణం మీది గ్రాహకాన్ని తాకితే, క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్లే దారి తెరుచుకుంటుంది, కణం నెమ్మదిస్తుంది. డయాజెపామ్ తనంతట తాను ఆ దారి తెరవలేదు. గాబా వచ్చినప్పుడు మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తుంది, అంతే. పాత నిద్రమాత్రలైన బార్బిచురేట్లు మోతాదు పెరిగితే గాబా లేకున్నా తెరిచేస్తాయి. వాటితో అంతమంది చనిపోవడానికి ఇదో కారణం.

1999లో జ్యూరిక్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఆల్ఫా-1 రకం గాబా గ్రాహకాన్ని కొద్దిగా మార్చారు. డయాజెపామ్ ఇచ్చినా మత్తు రాలేదు, బెదురు మాత్రం తగ్గింది. మరుసటి ఏడాది ఆల్ఫా-2ను మారిస్తే బెదురు తగ్గలేదు. మత్తు, నెమ్మది రెండూ ఒకటి కావని అలా తేలింది.

ఇంతకీ అలవాటు సంగతి? గ్రాహకాల గురించి తెలియకపోవడాన్ని క్షమించవచ్చు. అలవాటును పట్టించుకోకపోవడాన్ని క్షమించలేం. 1961లోనే డాక్టర్ లియో హాలిస్టర్ పెద్ద మోతాదులో లిబ్రియం వాడుతున్న 11 మందికి హఠాత్తుగా ఆపేసి చూస్తే 10 మందికి కొత్త బాధలు మొదలయ్యాయి, ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి. కానీ అలవాటుపడే ముప్పు గురించి లిబ్రియం, వాలియం తరగతి మందులన్నిటి మీద గీతల పెట్టెలో హెచ్చరిక వేయమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది 2020లో!

మన దగ్గర ఈ కథ కల్లు సీసాలోనూ ఉంది. తెలంగాణలో కల్తీ కల్లులో డయాజెపామ్, అదే తరగతికి చెందిన అల్ప్రాజోలం కలుపుతుంటారు. ఆ కల్లు దొరకని రోజున వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు చేరతారు. హాలిస్టర్ చూసింది ఇదే.

నెలల తరబడి ఈ మాత్రలు వాడుతున్నవారు ఒక్కసారిగా మానేయకండి. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోండి. కల్లుతో, మద్యంతో కలిపి మాత్రం ఎప్పుడూ వేసుకోకండి.