పీట వేసి పిలిచిన ఆట

కృష్ణగిరి సీమ పల్లెలలో ద్రౌపదమ్మ గుడియొద్ద భారతము జరుగు దినములలో, రాత్రివేళ మొదట వినవచ్చునది కథ కాదు, మద్దెల. వేషగాండ్రు ముఖములకు రంగు పూసికొనుచుండగనే వాద్యములు మ్రోగును. ఆ చప్పుడు పొరుగూళ్లకు అందును. జనులు చాపలు చంకబెట్టుకొని వత్తురు. కరపత్రములును గోడప్రకటనలును పుట్టకమునుపు మన సీమలో ఆటకు ప్రకటన మద్దెలయే.

అయినను మద్దెల జనులను రప్పింపగలదే కాని నిలుపజాలదు. నిలుపునది వేరొకటి కలదు. అర్జునుని తపస్సునాడు వేషధారి ఎత్తైన మ్రాను నెక్కి, పైనుండి నిమ్మపండ్లు, విభూతి విసరును. సంతానము గోరు స్త్రీలు క్రింద కొంగులు పట్టి నిలుతురు. కడపటి దినమున నేలపై మట్టితో మలచిన దుర్యోధనుని చుట్టును ఊరెల్ల గుమిగూడును. అచ్చట చూచువాడెవడు, ఆడువాడెవడు అని గీత గీయుట కష్టము. వచ్చినవానికి ఆటలో చోటు దొరకినది. కావుననే మరుసటి యేడు అతడు మరి నలుగురిని వెంటబెట్టుకొని వచ్చును.

ఈ సంగతిని మనసున నుంచుకొని, మన పెద్దలకు క్రొత్తదైన యొక క్రీడయొక్క చరిత్రమును ఇచ్చట విచారింతము. బెంగుళూరున ఉద్యోగములు చేయు మన పిల్లలలోను, అమెరికాలో పెరుగు మన మనుమలలోను కొందరు ‘రోల్ ప్లేయింగ్ గేమ్’ అని పేర్కొనునది ఇదియే. నలుగురైదుగురు బల్లచుట్టును కూర్చుందురు. అందొకరు సూత్రధారులు. ఆ సూత్రధారుడు మాటలతో ఒక లోకమును కల్పించును. “మీరు అడవిదారిని పోవుచున్నారు. ఎదుట పాడుపడిన కోట. తలుపు ఓరగా తెరచి యున్నది. ఏమి చేయుదురు?” అని యడుగును. తక్కినవారిలో ఒకడు వీరుడు, ఒకతె మంత్రగత్తె, ఒకడు దొంగ. తమతమ పాత్రలకు తగినట్లు వారు బదులు చెప్పుదురు. ఫలితము సందేహమైనచోట పాచిక వేయుదురు. పందెము లేదు. ఒకరిని ఓడించి యొకరు గెలుచుటయు ముఖ్యము కాదు. కథ సాగవలెను, అంతియే.

దీని పుట్టుక యుద్ధక్రీడలలో నున్నది. 1824లో ప్రష్యా సైన్యమున రైస్విట్జ్ అను అధికారి పటముపై సేనలను నడపు ‘క్రీగ్‌స్పీల్’ అను ఆటను ప్రవేశపెట్టెను. మధ్యవర్తి యొకడు దానికి తీర్పరి. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ బొమ్మసైనికులతో ఆడు పద్ధతిని ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమున వివరించెను. 1969లో అమెరికాలోని మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరములలో డేవిడ్ వెస్లీ అను నతడు, ఆటగాండ్రకు సేనలకు బదులు ఒక్కొక్క మనిషి పాత్ర నిచ్చి ఆడించెను. అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని మాయాలోకములోనికి గొనిపోయెను. విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను చిన్న పట్టణమున నివసించు గేరీ గైగాక్స్, ఆర్నెసన్‌తో కలిసి దానికి నియమములు కూర్చెను. ఆ కూర్పే 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పేర వెలువడెను. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకములు. వెల పది డాలర్లు. మొదటి ముద్రణ వేయి ప్రతులు మాత్రమే.

ఈ వేయి ప్రతులు లోకమునకు ఎట్లు తెలిసెను? గైగాక్స్ బృందమువారికి ప్రకటనలకై వెచ్చించు ధనము లేదు. ఆటలయం దాసక్తి గలవారు చదువు చిన్న పత్రికలలో చిన్న ప్రకటనలు వేసిరి. అంతకన్న మిన్నగా ఉపకరించినది 1968లో లేక్ జెనీవాలో ఆరంభమై ఏటేట జరుగుచు వచ్చిన ‘జెన్ కాన్’ అను క్రీడాసమ్మేళనము. హోసూరు కొండపై వెలసిన చంద్రచూడేశ్వరుని రథోత్సవమునకు తెలుగు, తమిళ, కన్నడముల వారెల్లరు చేరినట్లు, ఎక్కడెక్కడి ఆటగాండ్రో అచ్చట చేరిరి. ఒక బల్లయొద్ద కూర్చుండి ఆడినవాడు ఇంటికి పోయి మరియొక బల్ల సిద్ధము చేసెను. ఆ తొలి పుస్తకములు చదివినంత మాత్రమున సులభముగ బోధపడునవి కావు. ఆడుచున్నవారి ప్రక్కన కూర్చుండి నేర్చినవారే ఎక్కువ. ఈ కొరత తీర్చుటకే 1977లో ఎరిక్ హోమ్స్ అను వైద్యాచార్యుడు క్రొత్తవారికై సులభమైన కూర్పు నొకదానిని సిద్ధపరచెను.

1979లో వింతయొకటి జరిగెను. మిషిగన్ రాష్ట్రమున ఒక విద్యార్థి కనబడకుండ పోగా, ఈ ఆటయే కారణమను ఊహ పత్రికలకెక్కెను. అది నిజము కాదని పిదప తేలినది. కాని ఆట పేరు దేశమెల్ల ప్రాకెను, పుస్తకములు మునుపటికన్న మిక్కిలిగ అమ్ముడుపోయెను. తరువాతి దశకమున కొందరు తల్లిదండ్రులును మతసంఘములును ఇది పిల్లలను చెరచునని గగ్గోలు చేసిరి. ఈ భయము మనకును క్రొత్త కాదు. పాచిక యనగానే ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, ద్రౌపదిని ఒడ్డి పోగొట్టుకొన్న సభ మన కన్నులకు కట్టును. అయితే అచ్చట కొంప ముంచినది పణము, పాచిక కాదు. పణము లేని చోట పాచిక కథను మలుపు త్రిప్పు సాధనము మాత్రమే.

నింద వలన కలిగిన ప్రసిద్ధి పుస్తకములను అమ్మినది. 1982లో ‘ఇ.టి.’ అను చలనచిత్రమున బాలురు ఇట్టి ఆట ఆడు దృశ్యము కనబడెను. 1983లో టెలివిజనులో బొమ్మల ధారావాహికయు వచ్చెను. ఇంత ప్రసిద్ధి కలిగినను, 1997 నాటికి మొదటి సంస్థ కష్టములలో చిక్కి పరుల చేతికి పోయెను. ఉన్న ఆటగాండ్రకే పుస్తకముపై పుస్తకము అమ్మజూచుట దానికొక కారణమని చెప్పుదురు. 2014లో క్రొత్త కూర్పు వెలువడినపుడు మూల నియమములను వెల లేకుండ పంచిరి. 2015 నుండి కొందరు నటులు తాము ఆడుచుండగ ఇంటర్నెట్టున లోకమునకు చూపుచు వచ్చిరి. ‘క్రిటికల్ రోల్’ అను ఆ ప్రదర్శనము వలన వేలకొలది జనులకు ఆట తీరు కంటికి కనబడెను. ప్రక్కన కూర్చుండి నేర్చు పాత పద్ధతియే క్రొత్త రూపమున వచ్చినదని చెప్పవచ్చును.

ఇందలి కీలకము సులభము. ఒక సూత్రధారుడున్నచో నలుగురైదుగురు ఆడగలరు. అతడు లేనిచో పెట్టె అటకపై పడియుండును. కావున ఈ ఆటకు ప్రేక్షకులను పెంచుట యనగా సూత్రధారులను పెంచుట. ప్రకటన పని గుమ్మము వరకే.

మన యాటలు వ్యాపించిన తీరును ఇదియే. పచ్చీసు అమెరికాలో ‘పార్చీసీ’ అయి, 1896లో ఇంగ్లండున ‘లూడో’ అయి, తిరిగి మన పిల్లలచేతికే వచ్చినది. వైకుంఠపాళి 1890వ దశకమున ఇంగ్లండు చేరి, పాములు నిచ్చెనల ఆటగా మారినది. అచ్చటివారు అంగడిలో అమ్మిరి. మన యిండ్లలో ఎవరు ప్రకటించిరి? ముక్కోటి ఏకాదశి జాగరణమే ప్రకటన, నిద్ర ఆపుకొను పిల్లలకు పటము పరచిన అవ్వయే ప్రచారకురాలు. పొరుగున మైసూరు నేలిన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) తన ‘శ్రీతత్త్వనిధి’లో కౌతుకనిధి యను భాగమును ఆటలకే కేటాయించెను. గ్రంథము వలన ఆట నశింపకుండ నిలుచును. ఆడించువారు లేనిచో అది గ్రంథముననే నిలుచును.

ఇది మనకేల యందురా? 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినపుడు హోసూరు, కృష్ణగిరులు మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. 2006 నాటి తమిళ విద్యాచట్టము ననుసరించి ఒకటవ తరగతి మొదలు తమిళము తప్పనిసరి యైనది. 2015–16 నాటికి ఆ వరుస పదవ తరగతికి చేరెను. అల్పసంఖ్యాక భాషలవారు మినహాయింపునకై న్యాయస్థానముల కెక్కిరి. ఉన్న యూరి భాష నేర్చుట మన పిల్లలకు మేలే, దానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. కాని ఇంట తెలుగు మాటలాడుచు, తెలుగక్షరము చదువలేని పిల్లలు మన యిండ్లలో ఎందరో కలరు. వారికి మన పుస్తకములు మూసిన తలుపులు. నోటి మాట మాత్రము తెరచియే యున్నది. ఈ పాత్రధారణ క్రీడకు ఆటగానికి కావలసినది ఆ నోటి మాటయే. అక్షరము రాని బాలుడు కూడ “నేను కోట వెనుకదారిని పోయెదను, కావలివానితో మెల్లగ మాటలాడెదను” అని తెలుగున చెప్పుటకు అడ్డమేమి? చెప్పుటకు మాట చాలనప్పుడు ప్రక్కవారిని అడుగును. అవసరమై అడిగి నేర్చిన మాట మరపునకు రాదు.

అందుకు సూత్రధారులు కావలెను. వారిని వెదకుటకు దూరము పోనక్కరలేదు. పాడుకోటలు, మాయలమరాఠీలు, ఏడు సముద్రముల కావల చిలుకలో ప్రాణములు దాచిన కథలు తెలిసిన అవ్వలును తాతలును ఇంకను మన నడుమ నున్నారు. నియమముల సంగతి మనుమడు చూచుకొనును. కథ సంగతి అవ్వ చూచుకొనును. సంఘము పక్షమున ఒక ఆదివారము మధ్యాహ్నము ఒక బల్ల, రెండు పాచికలు, ఐదుగురు పిల్లలు, ఒక అవ్వ చాలును. ఆ యైదుగురిలో ఒకరైనను మరుసటి నెల తమ యింట బల్ల వేసినచో, అంతకు మించిన ప్రకటన మనకు అక్కరలేదు.