మూడింటి మధ్య నిలబడి

లైప్జిగ్‌లో శనివారం ఉదయం. కార్ల్ లీబ్‌క్నెష్ట్ వీధి. ఊరివాళ్లకు అది ముద్దుగా 'కార్లీ'. పదకొండో నంబరు ట్రాము గణగణమంటూ దాటిపోతుంది, మీరు బేకరీ తలుపు తోస్తారు. వేడి వెన్న వాసన. తలుపు దాకా వరస. అంగుళం అంగుళం జరిగి గాజు అర ముందుకు చేరేసరికి, పట్టకారు పట్టుకున్న ఆవిడ మీవైపు తిరుగుతుంది.

"బిట్టె షోన్?"

చెప్పండి అంటోంది. ఏం చెప్తారు? ఎడమవైపు నల్లగా మెరిసే గసగసాల కేకు, మోన్‌కూఖెన్. కుడివైపు ష్వైన్స్‌ఓర్: పేరుకి పంది చెవి, నోట్లో మాత్రం పంచదార పూసిన కరకరలాడే పొరలు. నడుమ ఈ ఊరి సొత్తు, లేర్షె. లేర్షె అంటే భరతపక్షి. ఒకప్పుడు ఇక్కడ నిజం పిట్టలనే కాల్చి తినేవారు. 1876లో వాటి వేట నిషేధించాక, బేకరీవాళ్లు పిండి గిన్నెలో బాదం ముద్ద నింపి అదే పేరు పెట్టారు. పైన అడ్డంగా వేసిన పిండి పట్టీలు పిట్టను కట్టిన దారానికి గుర్తంటారు.

వెనక ఎవరో గొంతు సవరించుకుంటారు. 'ఎగాల్' అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. ఆపుకోండి. దానర్థం ఏదైనా ఒకటేనని. ఆవిడ చేతికందింది సంచిలో వేసేస్తుంది. మీకు ఏదైనా ఒకటే కాదు, మూడూ కావాలనుంది, అదీ చిక్కు.

"ఇష్ ష్వాంకె నోఖ్..." అని మొదలుపెడతారు. ఇంకా ఊగిసలాడుతున్నాను. ఆ 'నోఖ్' చిన్న మాటే గానీ కాస్త గడువు తెచ్చిపెడుతుంది. ఆవిడ పట్టకారు దించుతుంది. ఇక వాక్యం పూర్తి చేయాలి: "...త్స్విషెన్ డేమ్ మోన్‌కూఖెన్, డేర్ లేర్షె ఉంట్ డేమ్ ష్వైన్స్‌ఓర్."

గాజు వెనక 'డేర్', 'డీ', 'డాస్' అని బుద్ధిగా కూర్చున్నవి మీ నోట్లోకి రాగానే వేషాలు మార్చాయి. పుంలింగానికీ నపుంసకానికీ ఒకటే 'డేమ్'. స్త్రీలింగమేమో మగవాడి 'డేర్' తగిలించుకుంది. ఇది డేటివ్ విభక్తి, 'మధ్య' అనే అర్థమున్న 'త్స్విషెన్' తెచ్చిపెట్టింది. రెండు వస్తువుల మధ్యకు పుస్తకాన్ని తెచ్చి పెడుతుంటే అక్యూజటివ్, అది అక్కడే పడి ఉంటే డేటివ్. మనసు ఎంత ఊగనీ, తేల్చుకోనివాడు ఉన్నచోటే ఉన్నాడని ఈ భాష లెక్క. ఆ మాటకొస్తే మనమూ 'కేకుకీ పిట్టకీ మధ్య' అని 'కి' చేరుస్తాం, 'కేకునీ పిట్టనీ మధ్య' అనం. డేటివ్ అంటే బెదిరే తెలుగు విద్యార్థి దీన్ని ఇంట్లోంచే తెచ్చుకున్నాడు.

"వేర్ డీ వాల్ హట్, హట్ డీ క్వాల్," అంటాడు వెనకున్న పెద్దాయన, నవ్వుతూ. ఎంచుకునే వీలున్నవాడికే యాతన అని సామెత. విసుగు కాదది, ఓదార్పు. మీరు పక్కకు జరిగి "గేయెన్ జీ రూయిష్ ఫోర్" అంటారు, ముందు మీరు కానివ్వండి అని. ఆయనకు నాలుగు బ్రోట్‌షెన్లు కావాలి, అంతే. ఆ చిన్న గుండ్రటి రొట్టెలకు ఊగిసలాట అక్కర్లేదు.

మళ్లీ మీ వంతు. ఊపిరి తీసుకుని, "ఇష్ నేమె డేన్ మోన్‌కూఖెన్." 'డేమ్' పోయి 'డేన్' వచ్చింది, అక్యూజటివ్. తీసుకుంటున్నారు కదా, కేకు ఇప్పుడు ఆ క్రియకు కర్మ. పట్టకారు గసగసాల వైపు సాగుతుంది. సరిగ్గా అప్పుడే పిట్ట మీది పిండి పట్టీలు కంట్లో పడతాయి.

"నైన్, డోఖ్ లీబర్ డీ లేర్షె!"

కాదు, ఆ లేర్షెనే ఇవ్వండి. ఇలా మాట మార్చేవాళ్ల కోసమే పుట్టినట్టుంటుంది ఆ 'డోఖ్ లీబర్'. ఆవిడ కనుబొమ్మ కూడా కదపదు. పట్టకారు దారి మళ్లుతుంది, కాగితం సంచి గలగలమంటుంది.

"జోన్స్ట్ నోఖ్ వాస్?"

ఇంకేమైనా? పంది చెవి ఇంకా అక్కడే మెరుస్తోంది. మీరు చూపు తిప్పుకుని, ఇక చాలని చిల్లర తీస్తారు.

"నైన్, డాంకె. డాస్ వార్స్."