కుంజా బొజ్జి గారు పోటీ చేయని ఎన్నిక



ఏ ఎన్నికలో ఎవరు గెలిచారో మనవాళ్లు ఇట్టే చెబుతారు. గెలిచి గెలిచి, ఇక చాలని పక్కకు జరిగినవాళ్ల గురించి మాత్రం పెద్దగా చెప్పుకోం. మన గోదావరి ఏజెన్సీలో అలాంటి పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన కుంజా బొజ్జి గారు.

వి.ఆర్.పురం మండలం అడవి వెంకన్నగూడెం కోయ బిడ్డ ఆయన. భద్రాచలం ఎస్టీ నియోజకవర్గం నుంచి సీపీఎం తరఫున 1985, 1989, 1994లలో వరుసగా మూడుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. సైకిల్ మీద ఊళ్లు తిరిగిన ఎమ్మెల్యే అని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజమండ్రి వైపు ఉండే మనకు భద్రాచలం పరాయిది కాదు. 1959 దాకా ఆ తాలూకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది, ఆ తర్వాతే ఖమ్మంలో కలిసింది.

ఆయన సభలో ఉన్న ఏళ్లు మనకు చాలా ముఖ్యమైనవి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లోనే వన్ ఆఫ్ సెవెంటీ వచ్చింది. గ్రామసభకు బలమిచ్చే పీసా చట్టం 1996లో, ఆదివాసీ భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదన్న సమత తీర్పు 1997లో వచ్చాయి. చట్టం కాగితం మీద ఉంటే సరిపోదు. అది అమలు కానప్పుడు సభలో లేచి అడిగే మనిషి కావాలి. రిజర్వుడు సీటు ఉన్నది అందుకే.

1999లో బొజ్జి గారు మళ్లీ పోటీ చేయలేదు. పార్టీ ఆయన మండలానికే చెందిన సున్నం రాజయ్య గారిని నిలబెట్టింది. ఆయన గెలిచారు. 2004లో, 2014లో కూడా గెలిచారు. హైదరాబాద్‌లో అసెంబ్లీకి ఆర్టీసీ బస్సులో వెళ్లే ఎమ్మెల్యేగా పేరు తెచ్చుకున్నారు. బొజ్జి గారి సీటు కొడుక్కో, అల్లుడికో పోలేదు. అదే మండలంలో, అదే జనం మధ్య పనిచేసిన చిన్నవాడికి దక్కింది. పెద్దాయన పక్కకు జరిగేనాటికి ఆ చిన్నవాడు సిద్ధంగా ఉన్నాడు. ఈ కథలో మనం గమనించాల్సింది అదే.

అలా సిద్ధంగా ఉండడం ఎంత అవసరమో 2014 చూపించింది. ఆ ఎన్నికల్లో వి.ఆర్.పురం లాంటి మన ముంపు మండలాలవాళ్లు భద్రాచలం ఎమ్మెల్యేకే ఓటు వేశారు. ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే పోలవరం ముంపు పేరుతో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాజయ్య గారు తెలంగాణ సభలో ఎమ్మెల్యే, ఆయన సొంత ఊరు సున్నంవారిగూడెం మాత్రం ఆంధ్రలో! ఊళ్లు ఖాళీ చేయించడం, పునరావాసం, పరిహారం లాంటి పెద్ద మాటలు నడుస్తున్న కాలంలో, 2019 దాకా ఆ జనం ఓటుతో గెలిచిన మనిషి ఒక్కరూ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో లేరు. కింద డెల్టాకు నీళ్లివ్వడానికి పైన మునిగేది ఎవరి ఊరో గట్టిగా చెప్పాల్సిన రోజులవి.

2019లో రాజయ్య గారు రంపచోడవరం నుంచి నిలబడి ఓడిపోయారు. 2020 ఆగస్టులో కరోనా ఆయనను తీసుకుపోయింది. తన తర్వాత వచ్చిన చిన్నవాడి మరణం కూడా చూసి, తొంభై ఏళ్లు దాటిన బొజ్జి గారు 2021 ఏప్రిల్‌లో కన్నుమూశారు. పదవి లేకుండా ఆయన ఇరవై ఏళ్లకు పైగా బతికారు. ఆ ఏళ్లలోనూ జనం ఆయనను గౌరవంగానే తలుచుకున్నారు.

హాస్టళ్లలో మేము ముంపు ఊళ్ల పిల్లలను చూస్తుంటాం. ఏ ఊరని అడిగితే పాత ఊరి పేరు చెప్పి, ఆ తర్వాత కాలనీ పేరు చెబుతారు. వాళ్ల తరఫున రేపు మాట్లాడేది ఎవరు? ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు ఉన్న అసెంబ్లీ సీట్లు ఏడే. రంపచోడవరం, పోలవరం రెండూ మన గోదావరి పక్కనివే. ఆ సీట్లలో మన కులం మనిషి కూర్చుంటే చాలదు, మన మాట వినిపించాలి.

పద్దెనిమిదేళ్లకు ఓటు, ఇరవై ఒకటికి సర్పంచ్‌గా, ఇరవై ఐదుకు ఎమ్మెల్యేగా పోటీ చేసే అర్హత వస్తాయి. అంతదాకా ఆగక్కర్లేదు. ఈసారి మీ ఊళ్లో గ్రామసభ పెట్టినప్పుడు వెళ్లి కూర్చోండి. తీర్మానంలో ఏం రాశారో చదివి, అర్థం కానివాళ్లకు కోయలోనో, కొండరెడ్ల మాటలోనో చెప్పండి. పెద్దవాళ్లు పక్కకు జరిగే రోజు ఎప్పుడైనా రావచ్చు. ఆ రోజుకు మీరు పని తెలిసినవాళ్లయి ఉండాలి.