గ్నూ ఈమాక్స్ సోర్సుకోడు నిర్వహణ

గ్నూ ఈమాక్స్ కంప్యూటరులో పాఠ్యాన్ని రాయడానికి, దిద్దడానికి ఉపయోగించే ఒక టెక్స్ట్ ఎడిటరు. 1985లో తొలిసారి విడుదలై నేటివరకు ఎడతెగకుండా అభివృద్ధి చెందుతూ వస్తున్న స్వేచ్ఛా సాఫ్టువేరు ఇది. ఎడిటరు నడుస్తుండగానే దాని ప్రవర్తనను వాడుకరి తన అవసరానికి తగినట్లు మార్చుకోగలగడం దీని ప్రధాన లక్షణం. అందుచేతనే దీనిని విస్తరణీయ ఎడిటరు అంటారు. దీని సోర్సుకోడు నిర్వహణ తక్కిన సాఫ్టువేరుల నిర్వహణకంటే క్లిష్టం కావడానికి కూడా ఈ లక్షణమే కారణం. సాధారణ ప్రోగ్రాములో లోపలి భాగాలను ఎంత మార్చినా బయటి రూపం చెడకుండా చూసుకుంటే సరిపోతుంది. ఈమాక్స్‌లో లోపలి భాగాలు సైతం వాడుకరులకు అందుబాటులో ఉంటాయి. వాటిని ఆధారం చేసుకొని వారు సొంత ప్రోగ్రాములు రాసుకొని ఉంటారు. ఒక చిన్న ఫంక్షను పేరు మార్చినా, ఎవరో ఇరవై ఏళ్ళ క్రితం రాసి మరచిపోయిన పది వరుసల కోడు పనిచేయకుండా పోవచ్చును.

నేపథ్యం

ఈమాక్స్ అనే పేరుగల తొలి ఎడిటరు 1976లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన కృత్రిమ మేధ ప్రయోగశాలలో రూపుదిద్దుకొంది. అప్పటికే వాడుకలో ఉన్న టీకో అనే ఎడిటరుకు వేర్వేరు వ్యక్తులు రాసుకున్న మాక్రోలను క్రోడీకరించడంతో ఇది మొదలైంది. గై స్టీల్ ప్రారంభించిన ఆ పనిని రిచర్డ్ స్టాల్మన్ కొనసాగించాడు. 1981లో జేమ్స్ గోస్లింగ్ యూనిక్స్ కోసం సీ భాషలో మరొక ఈమాక్స్‌ను రాశాడు. మొదట స్వేచ్ఛగా పంచబడిన ఆ కూర్పు తరువాత ఒక వాణిజ్య సంస్థ చేతికి వెళ్ళింది. స్టాల్మన్ 1984లో ప్రారంభించిన గ్నూ ఈమాక్స్ 1985 మార్చిలో 13వ కూర్పుగా వెలువడింది. అందులో తెరమీద పాఠ్యాన్ని చూపే భాగానికి గోస్లింగ్ కోడును కొంత వాడుకున్నారు. దానిపై హక్కుల వివాదం తలెత్తగా అదే సంవత్సరం ఆ భాగాన్ని పూర్తిగా తిరిగి రాయవలసి వచ్చింది. సోర్సుకోడులో ప్రతి వరుసా ఎవరిదో స్పష్టంగా తెలియాలని ఈ ప్రాజెక్టు నేటికీ పట్టుబట్టడం వెనుక ఆనాటి అనుభవం ఉన్నదని భావించవచ్చు.

సోర్సుకోడు నిర్మాణం

ఈమాక్స్ సోర్సుకోడులో రెండు పొరలు ఉన్నాయి. అడుగున సీ భాషలో రాసిన కేంద్రభాగం ఉంటుంది. దాని పైన ఈమాక్స్ లిస్ప్ అనే భాషలో రాసిన, పరిమాణంలో ఎంతో పెద్దదైన భాగం ఉంటుంది. లిస్ప్ ప్రోగ్రాములను నడిపే యంత్రాంగం, జ్ఞాపకశక్తి నిర్వహణ, తెరపై ప్రదర్శన వంటివి సీ లో ఉంటాయి. వెతకడం, సరిచూడడం, ఉత్తరాలు చదవడం, ప్రోగ్రామింగు భాషలకు రంగులు వేయడం మొదలైనవన్నీ దాదాపుగా లిస్ప్‌లోనే ఉంటాయి. వాడుకరి తన అమరికల ఫైలులో రాసుకొనే కోడు కూడా ఇదే లిస్ప్. అంటే నిర్వాహకుడు వాడే భాష, వాడుకరి వాడే భాష ఒకటే. వాడుకరి ఏదైనా ఆదేశపు వివరణను తెరచి, అక్కడినుండి నేరుగా దాని సోర్సుకోడుకు వెళ్ళి, మార్చి, ఎడిటరును ఆపకుండానే ఫలితాన్ని చూడవచ్చును. నేడు నిర్వాహకులుగా ఉన్నవారిలో పలువురు ఇలా ఒక చిన్న అసౌకర్యాన్ని తమకోసం సరిచేసుకొనడంతో మొదలైనవారే.

సీ భాగంలో అత్యంత కఠినమైనది ప్రదర్శన యంత్రం. ఎక్స్‌డిస్ప్ అనే ఒక్క ఫైలులోనే ముప్పై వేలకు పైగా వరుసలున్నాయి. 2001లో వచ్చిన 21వ కూర్పు కోసం గెర్డ్ మోల్మన్ దీనిని కొత్తగా రాశాడు. వేర్వేరు పరిమాణాల అక్షరాలను, బొమ్మలను చూపడం దానితోనే సాధ్యమైంది. ఆ ఫైలు ప్రారంభంలో యంత్రం పనితీరును వివరిస్తూ ఒక సుదీర్ఘ వ్యాఖ్య ఉన్నది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు ముందు దానిని చదవడం మేలు.

మార్పు చేసే విధానం

దోషాన్ని సరిచేయడానికి మొదటి మెట్టు దానిని తిరిగి కలిగించగలగడం. వాడుకరుల సొంత అమరికలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి, ఏ అమరికలూ చదవకుండా ఎడిటరును ప్రారంభించి, అక్కడినుండి దోషం కనబడేవరకు వేయవలసిన అడుగులను వరుసగా తెలుపమని నిర్వాహకులు కోరతారు. వచ్చిన ఫిర్యాదులలో కొన్ని ఈ దశలోనే తేలిపోతాయి; దోషం వాడుకరి స్వంత కోడులోనే ఉన్నదని బయటపడుతుంది. ప్రతి ఫిర్యాదుకు ఒక సంఖ్య ఇస్తారు. తరువాత చేసే మార్పు వివరణలో ఆ సంఖ్యను పేర్కొంటారు. ఏ ఫైలులో ఏ ఫంక్షను ఎందుకు మారిందో ఆ వివరణలో నిర్ణీత పద్ధతిలో రాయాలి. వాడుకరికి కనబడే మార్పు అయితే వార్తల ఫైలులోను, కరదీపికలోను కూడా చేర్చాలి. కోడు రాయడానికి పట్టిన సమయంకంటే ఈ రాతపనికి పట్టే సమయం ఎక్కువని కొత్తవారు విసుగుకొనడం కద్దు. అయితే ముప్పై ఏళ్ళనాటి ఒక వరుస ఎందుకు అలా ఉన్నదో తెలుసుకోవలసి వచ్చినప్పుడు మిగిలే ఏకైక సాక్ష్యం ఈ రాతయే. ప్రాచీన కావ్యాలను పరిష్కరించినవారు పాఠాంతరాలను ఊరకే కొట్టివేయక అడుగున నమోదు చేసి ఉంచింది కూడా ఇందుకే.

భాండాగారంలో సాధారణంగా రెండు శాఖలు చురుకుగా ఉంటాయి. కొత్త సౌకర్యాలు ప్రధాన శాఖకు వెళ్తాయి. విడుదలకు సిద్ధమవుతున్న శాఖలో దోషాల సవరణలను మాత్రమే అనుమతిస్తారు, వాటిని తరువాత ప్రధాన శాఖలో కలుపుతారు. భాండాగారాన్ని చాలాకాలం సీవీఎస్ పద్ధతిలో నడిపి, 2009 చివరలో బజార్‌కు, 2014 నవంబరులో గిట్‌కు మార్చారు. ఈ మార్పిడులలో పాత చరిత్రను పోగొట్టుకోకుండా తీసుకురావడమే పెద్ద శ్రమ అయింది.

సుమారు 15 వరుసలకు మించిన కోడును ఇచ్చేవారు దాని హక్కులను ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనుకు రాసి ఇవ్వాలి. లైసెన్సును ఎవరైనా ఉల్లంఘించినప్పుడు న్యాయస్థానంలో నిలబడడానికి ఇది అవసరమని ఫౌండేషను వాదన. మంచి సవరణలు కొన్ని ఈ కాగితాల దగ్గరే ఆగిపోతున్న మాట కూడా నిజమే.

చీలిక

ఈ నిబంధన ప్రభావం 1990లలో బాగా కనబడింది. 19వ కూర్పు ఆలస్యమవుతున్న సమయంలో లూసిడ్ అనే సంస్థ తన ఉత్పత్తి అవసరాలకోసం ఈమాక్స్‌ను వేరుగా అభివృద్ధి చేసింది. జేమీ జవిన్‌స్కీ దాని ప్రధాన రచయితలలో ఒకడు. ఆ సంస్థ 1994లో మూతపడిన తరువాత అది ఎక్స్‌ఈమాక్స్ పేరుతో కొనసాగింది. కొన్ని విషయాలలో అది మూలంకంటే ముందుండేది. కాని దానిలోని కోడుకు హక్కుల పత్రాలు లేనందువలన దానిని గ్నూ ఈమాక్స్‌లోకి నేరుగా తీసుకొనే వీలు లేకపోయింది. ఒకే సౌకర్యాన్ని రెండుచోట్ల రెండు విధాలుగా రాశారు. లిస్ప్ ప్రోగ్రాములు రాసేవారు రెండింటిలోను పనిచేసేలా తమ కోడును మలచుకోవలసి వచ్చింది. ఎక్స్‌ఈమాక్స్ అభివృద్ధి క్రమంగా మందగించినా, దానికోసం చేర్చిన నిబంధనలు ఎన్నో పాత ప్రోగ్రాములలో ఏళ్ళ తరబడి మిగిలిపోయాయి.

పాత కోడును కాపాడుతూ మార్చడం

ఈమాక్స్ లిస్ప్‌లో మొదటినుండి చలరాశుల విలువను ఫంక్షనులు పిలవబడిన క్రమాన్నిబట్టి నిర్ణయించేవారు. దీనిని గతిశీల పరిధి అంటారు. ఒక ఫంక్షనులోని చలరాశి పేరు, అది పిలిచిన మరొక ఫంక్షనులోని పేరుతో కలిస్తే విలువలు తారుమారయ్యే ప్రమాదం ఉండేది. కోడును వేగవంతం చేయడానికి కూడా ఇది ఆటంకం. కోడు రాసి ఉన్న స్థానాన్నిబట్టి విలువను నిర్ణయించే పద్ధతి మేలైనదని అందరూ ఎరిగినదే. అయినా ఒక్కసారిగా మార్చితే అప్పటికే ఉన్న లక్షలాది వరుసల కోడు అర్థం మారిపోతుంది. అందువలన 2012లో వచ్చిన 24వ కూర్పులో, ఫైలు మొదటి వరుసలో ప్రత్యేకంగా కోరినవారికి మాత్రమే కొత్త పద్ధతి వర్తించేలా ఏర్పాటు చేశారు. ఈమాక్స్‌తో వచ్చే వందలాది ఫైళ్ళను ఒక్కొక్కటిగా చదివి, పాత పద్ధతిమీద ఆధారపడిన చోట్లను గుర్తించి మార్చడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 30వ కూర్పులో, మొదటి వరుసలో ఏ పద్ధతినీ పేర్కొనని ఫైళ్ళ విషయంలో కంపైలరు హెచ్చరిక ఇస్తుంది. పదమూడేళ్ళ తరువాత కూడా అది హెచ్చరిక మాత్రమే, నిషేధం కాదు.

ఫంక్షను పేర్ల విషయంలోనూ ఇదే ఓర్పు కనబడుతుంది. పాత పేరును తీసివేయక, ఏ కూర్పునుండి అది కాలం చెల్లినదో ప్రకటించి, కొత్త పేరుకు మారుపేరుగా ఉంచుతారు. కాలం చెల్లిన ఫైళ్ళను ఒక ప్రత్యేక సంచయంలోకి తరలిస్తారు. తొలగింపు చాలా ఏళ్ళ తరువాతి మాట.

డంపింగు సమస్య

అన్ని మార్పులూ నిర్వాహకుల ఇష్టానుసారం నెమ్మదిగా జరగవు. ఈమాక్స్ ప్రారంభం కావాలంటే ఎన్నో లిస్ప్ ఫైళ్ళను చదవాలి. పూర్వపు కంప్యూటర్లలో ఇది భరించరానంత ఆలస్యం. అందుకని ఆ ఫైళ్ళను ఒకసారి చదివించి, ఆ క్షణంలో కంప్యూటరు జ్ఞాపకశక్తిలో ఉన్న స్థితినంతటినీ యథాతథంగా ఒక కొత్త ప్రోగ్రాముగా డిస్కుమీద రాసేవారు. అన్ఎగ్జెక్ అనే ఈ ఉపాయం దశాబ్దాలపాటు పనిచేసింది. కాని ఇది లినక్స్‌లో వాడే సీ గ్రంథాలయపు అంతరంగిక వివరాలపై ఆధారపడి ఉండేది. ఆ వివరాలను బయటికి అందించే ఫంక్షనులను తొలగించదలచినట్లు 2016 ప్రారంభంలో ఆ గ్రంథాలయ నిర్వాహకులు తెలిపారు. అవి లేకుండా కొత్త ఈమాక్స్‌ను తయారుచేయడమే కుదరదు. ఇతరుల అంతర్భాగాలమీద ఆధారపడితే కలిగే ఇబ్బంది ఈసారి ఈమాక్స్‌కే ఎదురైంది.

దీనికి పరిష్కారం డేనియల్ కొలాషియోనె రాసిన పోర్టబుల్ డంపరు. ఇది జ్ఞాపకశక్తిని గుడ్డిగా నకలు తీయదు. ఒక్కొక్క లిస్ప్ వస్తువును గుర్తించి, దానినుండి ఇతర వస్తువులకు ఉన్న లంకెలతో సహా వేరొక ఫైలులో భద్రపరుస్తుంది. ప్రారంభంలో ఆ ఫైలును చదివి, లంకెలను కొత్త చిరునామాలకు సరిచేస్తుంది. ఇది 2019 జనవరిలో ప్రధాన శాఖలో చేరి, 2020 ఆగస్టులో 27.1 కూర్పుతో వాడుకరులకు అందింది. అంత లోతైన మార్పు జరిగినా సామాన్య వాడుకరి తన అమరికల ఫైలులో ఒక్క వరుస కూడా మార్చుకోవలసిన పని లేకపోయింది.

నిర్వాహకులు

మొదటి ఇరవై మూడేళ్ళు నిర్వహణ ప్రధానంగా స్టాల్మన్ చేతిలో ఉన్నది. 2008లో ఆయన ఈ బాధ్యతను స్టెఫాన్ మోనియే, చాంగ్ యీడాంగ్‌లకు అప్పగించాడు. 2015లో జాన్ వీగ్లీ వచ్చాడు. తరువాత ఎలి జరెట్‌స్కీ ఆ స్థానంలోకి వచ్చి, ఇతరులతో కలిసి నిర్వహిస్తున్నాడు. కుడినుండి ఎడమకు రాసే హీబ్రూ, అరబ్బీ లిపుల ప్రదర్శనను 24వ కూర్పులో ప్రవేశపెట్టింది కూడా ఇతడే. 2022లో వచ్చిన 28వ కూర్పులో లిస్ప్ కోడును యంత్రభాషలోకి మార్చే సౌకర్యాన్ని సమకూర్చిన ఆండ్రియా కొరాల్లో తరువాత నిర్వాహకులలో ఒకడయ్యాడు.

తెలుగు లిపి

ఈమాక్స్ 20వ కూర్పులో, 1997లో, జపానుకు చెందిన కెనిచి హండా ప్రభృతుల కృషితో బహుభాషా వ్యవస్థ చేరింది. 2009లో 23వ కూర్పునుండి అంతర్గతంగా యూనికోడు ఆధారమైంది. పలు భాషల పలకరింపులను చూపే నమూనా ఫైలులో తెలుగు నమస్కారం కూడా ఉన్నది. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్టు, ఐట్రాన్స్ పద్ధతులు ఎడిటరుతోనే వస్తాయి.

తెలుగు అక్షరాన్ని చూపడంలో సోర్సుకోడులోని మూడు భాగాల పాత్ర ఉంటుంది. ఉదాహరణకు "స్త్రీ" అనే మాటలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు యూనికోడు వర్ణాలున్నాయి. ఈ ఆరింటినీ ఒక్కటిగా తీసుకోవాలని చెప్పేది లిస్ప్‌లో భారతీయ భాషల ఫైలులో ఉన్న నమూనా. నమూనాకు సరిపోయిన వర్ణాలను గుంపుగా పట్టుకొనేది సీ లోని సంయోజన విభాగం. ఆ గుంపుకు ఫాంటులోని తగిన ఆకృతులను, వత్తుల స్థానాలను నిర్ణయించేది హార్ఫ్‌బజ్ అనే ప్రత్యేక గ్రంథాలయం, ఇది 27వ కూర్పునుండి వాడుకలోకి వచ్చింది. వత్తు విడిపోయి కనబడితే దోషం ఈ మూడింటిలో ఎక్కడైనా ఉండవచ్చు, లేదా ఫాంటులోనే ఉండవచ్చు. ఇతర ప్రోగ్రాములలో అదే మాట సరిగా కనబడుతున్నదా అని ముందుగా చూస్తే వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది. దోషం లిస్ప్ నమూనాలో ఉన్నట్లయితే సీ భాష తెలియనివారు కూడా దానిని సరిచేయగలరు.

అక్షరాన్ని చెరపడంలోనూ ఒక విశేషం ఉన్నది. కర్సరుకు వెనుకవైపు చెరిపే మీట నొక్కితే "స్త్రీ"లో గుడిదీర్ఘం ఒక్కటే పోయి "స్త్ర" మిగులుతుంది. టైపు చేసేటప్పుడు గుణింతం తప్పితే దిద్దుకోవడానికి ఇదే అనుకూలం. 2023లో వెలువడిన 29వ కూర్పునుండి ముందువైపు చెరిపే మీట మాత్రం అక్షరాన్నంతటినీ ఒకేసారి తొలగిస్తుంది.