అర పాయింటు వెల: అమెరికా పాత కామిక్స్ సేకరణలో గ్రేడింగ్, డబ్బు

2010 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక కామిక్ పుస్తకం 10 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మార్చి నెల దాటకముందే అదే పుస్తకానికి ఇంకో ప్రతి 15 లక్షల డాలర్లు పలికింది. రెండూ 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలే, సూపర్‌మ్యాన్ లోకానికి తొలిసారి కనిపించిన సంచిక. కథ ఒకటే, బొమ్మలు ఒకటే, అచ్చు ఒకటే. తేడా అల్లా వాటిని బంధించిన ప్లాస్టిక్ పెట్టెల చీటీల మీద ఉంది. ఒకదాని మీద 8.0, రెండోదాని మీద 8.5. అర పాయింటు వెల 5 లక్షల డాలర్లన్నమాట.

ఈ వ్యాసం ఆ అర పాయింటు గురించి. డబ్బు వచ్చి సేకరణ సరదాను చెడగొట్టిందని పాత సేకర్తలు తరచు అంటారు. ఆ మాట సగమే నిజం. పాత కామిక్స్‌లో డబ్బు గ్రేడింగ్ కన్నా ముందే ఉంది. గ్రేడింగ్ చేసింది వేరే పని. పుస్తకం స్థితిని కొలవడానికి పుట్టిన సాధనం, కొలతకు ధర ముడిపడ్డాక, తాను కొలవవలసిన పుస్తకాన్నే మార్చడం మొదలుపెట్టింది. నా వాదన అంతవరకే.

చెత్తబుట్ట పెంచిన విలువ

‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వెల 10 సెంట్లు. దాదాపు 2 లక్షల ప్రతులు వేశారు. ఇప్పుడు మిగిలినవి వందకు అటూ ఇటూ ఉంటాయని అంచనా. తక్కినవన్నీ ఏమయ్యాయి? చాలావరకు చదవడం వల్లనే పోయాయి. పిల్లలు వాటిని చుట్టచుట్టి వెనక జేబులో దోపుకున్నారు, చేతులు మార్చుకున్నారు, అట్ట ఊడేదాకా తిప్పారు. కాగితమూ చవకది. కలపగుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఊరి, కాగితం ముందు పచ్చబడుతుంది, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది, చివరికి అప్పడంలా విరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పాత కాగితం పోగుచేసే ఉద్యమాలు వచ్చి కట్టలకు కట్టలు ఎత్తుకుపోయాయి. 1948 ప్రాంతంలో కొన్ని ఊళ్లలో బడిపిల్లల చేతనే కామిక్స్ కుప్పలు పోయించి తగలబెట్టించారు. 1954లో మనోవైద్యుడు ఫ్రెడరిక్ వర్థమ్, బాలల నేరప్రవృత్తికి ఈ పుస్తకాలే మూలమంటూ ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్’ రాశాడు. అదే ఏడు ప్రచురణకర్తలు భయపడి తమకు తామే కామిక్స్ కోడ్ అనే నియమావళి విధించుకున్నారు. ఇక ఇల్లు సర్దే తల్లుల సంగతి చెప్పనక్కర్లేదు.

కనుక నేటి కొరతకు కారణం నాటి చులకన. ఆ చులకన పుస్తకాలను సృష్టించినవాళ్లనూ వదల్లేదు. రచయిత జెర్రీ సీగెల్, చిత్రకారుడు జో షుస్టర్ సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు రాసిచ్చేశారు. మరికొంత పని తాలూకు బాకీతో కలిపి ప్రచురణకర్త వాళ్లకిచ్చిన 412 డాలర్ల చెక్కు 2012లో వేలానికి వచ్చి 1,60,000 డాలర్లకు పోయింది. ఇద్దరు సృష్టికర్తలకు అందిన సొమ్ము కన్నా, ఆ సొమ్ము రాసిన కాగితం దాదాపు నాలుగు వందల రెట్లు పలికింది.

‘గుడ్’ అంటే బాగాలేదని

1960లలో అభిమానులు తమలో తాము పత్రికలు నడుపుకుంటూ, ప్రకటనలు వేసుకుంటూ, టపాలో పుస్తకాలు కొనుక్కునేవారు. కొనేవాడు పుస్తకాన్ని చూడలేడు. అమ్మేవాడి మాటే ఆధారం. అందుకని మింట్, ఫైన్, గుడ్, ఫెయిర్, పూర్ లాంటి మాటలు స్థిరపడ్డాయి. ఇందులో ఒక తమాషా ఉంది. ఈ వ్యాపారంలో ‘గుడ్’ అంటే బాగా నలిగిన పుస్తకం. పది పాయింట్ల కొలతలో దానికి దక్కేది 2.0. వధూవరుల ప్రకటనల్లోని ‘చామనఛాయ’ లాగా, ఆ మాటకు అసలర్థం అలవాటైనవాళ్లకే తెలుస్తుంది.

1970లో టెనెస్సీ రాష్ట్రంలోని క్లీవ్‌లండ్ పట్టణం నుంచి రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ మొదటి ధరల సూచిక వెలువరించాడు. ‘యాక్షన్’ మొదటి సంచికకు అందులో చూపిన వెల 300 డాలర్లు. ఒక పుస్తకానికి ఒక ధర కాకుండా స్థితిని బట్టి వరుసగా ధరలు చూపడం ఆ సూచిక ప్రత్యేకత. అట్ట మీది మడతకు అప్పుడే రేటు కట్టారన్నమాట.

కాకతాళీయమే కావచ్చు, అదే 1970లో ఆర్థికవేత్త జార్జ్ అకర్‌లాఫ్ పాత కార్ల బజారు మీద తన ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. సరుకు లోపం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు అన్నిటినీ అనుమానించి తక్కువకే అడుగుతాడు, మంచి సరుకున్నవాడు బజారు నుంచి తప్పుకుంటాడు, మిగిలేది నాసిరకం. పాత కామిక్స్ వ్యాపారానికి ఇది అచ్చంగా వర్తిస్తుంది. చిరిగిన మూలను అతికి, ఊడిన రంగును కలంతో దిద్ది, అంచులు కత్తిరించి చదును చేసి ‘నియర్ మింట్’ అని అమ్మితే, మామూలు కంటికి పట్టుబడదు.

ఈ జబ్బుకు మందుగా 2000లో సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ వచ్చింది. సేకర్తలు సీజీసీ అంటారు. పుస్తకం పంపి రుసుము కడితే, ఒకరికి మించిన పరిశీలకులు పేజీలు లెక్కపెట్టి, పిన్నుల తుప్పు నుంచి వెన్ను మీది సన్నని గీతల దాకా చూసి, మరమ్మతులు జరిగాయేమో వెదికి, 0.5 నుంచి 10.0 వరకు ఒక అంకె ఇస్తారు. ఆ తర్వాత పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేస్తారు. దీన్ని స్లాబ్ అంటారు. మనకు స్లాబ్ అంటే ఇంటికప్పు. అక్కడ అది పుస్తకానికి కప్పు, గోడ, తాళం కూడా.

ఈ పద్ధతి నాణేల వ్యాపారం నుంచి వచ్చింది. సీజీసీకి అక్క వరస సంస్థ 1987 నుంచి నాణేలకు ఈ పనే చేస్తోంది. అరువు తెచ్చుకున్న పద్ధతిలోనే చిక్కుంది. నాణెం పెట్టెలోకి వెళ్లినా బొమ్మా బొరుసూ రెండూ కనిపిస్తాయి, పోయేదేమీ లేదు. కామిక్ పుస్తకానికి కనిపించేవి రెండు అట్టలే. లోపలి పేజీలన్నీ ఉన్నాయని చీటీ చెబితే నమ్మాలి. పెట్టె పగలగొట్టి చదివితే ఆ అంకె చెల్లదు. చదవడానికీ ఆస్తికీ మధ్య ఇంత స్పష్టంగా గోడ కట్టిన సేకరణ మరొకటి నాకు తోచడం లేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ‘చందమామ’ గుర్తుకు రాక మానదు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికను మన ఇళ్లలో దాచుకున్న తీరు ఎలాంటిది? ఏడాది సంచికలు కలిపి, అంచులు కోయించి, దారంతో కుట్టించి, కాలికో అట్ట వేయించి, లోపల పిల్లవాడి పేరు రాయించడం. సీరియల్ తెగకుండా చదువుకోవడానికి చేసిన ఏర్పాటది. సీజీసీ కొలబద్ద ముందు పెడితే కోసిన అంచు, కుట్టిన రంధ్రం, రాసిన పేరు అన్నీ నేరాలే. పదిమంది చేతులు మారినా ఆ సంపుటాలు నిలిచింది ఆ నేరాల వల్లనే.

ఊదా చీటీ, ఇస్త్రీపెట్టె

గ్రేడింగ్ పుస్తకాన్ని మారుస్తుందనడానికి గట్టి సాక్ష్యం మరమ్మతుల చరిత్రలో దొరుకుతుంది. ఒకప్పుడు చినిగిన అరుదైన సంచికను నేర్పుగా బాగుచేయించడం సేకర్త శ్రద్ధకు గుర్తు. సీజీసీ అలాంటి పుస్తకాలకు మామూలు నీలం చీటీ బదులు ఊదారంగు చీటీ ఇచ్చింది. ఉద్దేశం నిజం చెప్పడమే, తప్పుపట్టలేం. బజారు మాత్రం ఊదా చీటీని వెలివేతగా చదువుకుంది, ధరలు కూలాయి. దాంతో కొందరు వెనక్కి నడిచారు. అద్దిన రంగును గీకేయడం, అతికిన ముక్కను పీకేయడం. పుస్తకం మునుపటి కన్నా చెడినా పర్వాలేదు, చీటీ నీలమైతే చాలు. కళాఖండాన్ని సంరక్షించే మ్యూజియం నిపుణుడికి ఈ తర్కం తలకిందులుగా కనిపిస్తుంది.

రెండోది ఇస్త్రీ. వేడి, తేమ, ఒత్తిడి వాడి అట్టలోని వంపులూ రంగు విరగని మడతలూ సాపు చేస్తారు. దీన్ని సీజీసీ మరమ్మతుగా లెక్కపెట్టదు. పైగా అదే వ్యాపార సమూహంలోని మరో విభాగం రుసుము తీసుకుని ఈ పని చేసిపెడుతుంది. ఒక చెయ్యి ఇస్త్రీ చేస్తే ఇంకో చెయ్యి మార్కులు వేస్తుంది. నిపుణుడి చేతిలో ఇస్త్రీ వల్ల పుస్తకానికి హాని లేదని సమర్థకులంటారు. కావచ్చు. కానీ పై మార్కు కోసం పాత పెట్టె పగలగొట్టి, ఇస్త్రీ చేయించి, మళ్లీ పంపడం ఒక వృత్తిగా తయారయ్యాక, పుస్తకం ‘ఉన్న స్థితి’ అన్న మాటకే అర్థం పలచబడింది.

సంతకాల వ్యవహారం ఇంకా విచిత్రం. కామిక్స్ రచయిత స్టాన్ లీ ఒక పిల్లవాడికి అట్ట మీద సంతకం చేసి ఇచ్చాడనుకుందాం. ఆ క్షణాన సీజీసీ నియమించిన సాక్షి పక్కన ఉంటే పసుపు చీటీ, ధర పెరుగుదల. సాక్షి లేకపోతే అదే సిరా చాలాకాలం అట్ట మీది రాత కింద లోపంగానే లెక్కకొచ్చేది.

ఇక డబ్బు. గ్రేడింగ్ రాకముందే ఈ బజారు ఒకసారి పిచ్చెక్కి కూలింది. 1991లో ‘ఎక్స్‌మెన్’ కొత్త వరుస మొదటి సంచికను ఐదు రకాల అట్టలతో 80 లక్షలకు పైగా అమ్మారు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ మరణించిన సంచికను నల్లని సంచిలో కట్టి వదిలితే, జనం సంచి విప్పకుండా దాచుకున్నారు. లక్షలమంది దాచినది అరుదు కాలేదు. బజారు విరిగింది, ‘ఎక్స్‌మెన్’ ప్రచురణకర్త మార్వెల్ 1996 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. అప్పటి మోజులో సరుకు ఎక్కువై ధర పడింది. గ్రేడింగ్ ఆ లోపాన్ని చక్కగా సరిదిద్దింది: లక్షల ప్రతులున్న పుస్తకంలోనూ 9.8 అనే చిన్న కులీన వర్గాన్ని పుట్టించింది. ఏ అంకెకు ఎన్ని ప్రతులున్నాయో సీజీసీయే జనాభా లెక్కలా ప్రకటిస్తుంది. కొరతను కాలం సృష్టించనవసరం లేదు, పరిశీలకుడి భూతద్దం సృష్టిస్తుంది. ఈ కిటుకు పెట్టుబడిదారుల కంట పడకుండా ఉంటుందా? 2021లో బ్లాక్‌స్టోన్ సంస్థ సీజీసీ మాతృసంస్థలో అధిక వాటా కొన్నది. సంస్థ విలువను 50 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. 2023 చివర, పాత పెట్టె మార్చే సేవను వాడుకుని ఎవరో పెట్టెల్లో పుస్తకాలు తారుమారు చేశారని సీజీసీయే ప్రకటించవలసి వచ్చింది. నమ్మకం పుస్తకం నుంచి పెట్టెకు బదిలీ అయ్యాక మోసం కూడా అక్కడికే చేరింది.

ఇంత చెప్పినా గ్రేడింగును తోసిపారెయ్యలేను. అది తెలియనివాడిని కాపాడుతుంది. ఇటీవల కాలిఫోర్నియాలో అన్నదమ్ములు తల్లి ఇంటి అటక మీద పాత వార్తాపత్రికల కింద ‘సూపర్‌మ్యాన్’ మొదటి సంచిక చూశారు. సీజీసీ 9.0 ఇచ్చింది. 2025 నవంబరు వేలంలో అది 91.2 లక్షల డాలర్లకు పోయింది. మూడో మనిషి ఇచ్చిన ఆ అంకె లేకపోతే, వాళ్లు మొదట తలుపు తట్టిన వ్యాపారి చెప్పిందే వేదం అయ్యేది.

పోల్చడానికి 1977 నాటి కొలరాడో ఉంది. ఎడ్గర్ చర్చ్ అనే ప్రకటనల చిత్రకారుడు దశాబ్దాలపాటు కామిక్స్ కొని ఇంట్లో దొంతరలు పేర్చాడు, ధర కోసం కాదు. చక్ రొజాన్‌స్కీ అనే యువ వ్యాపారి ఆ కుటుంబం నుంచి కొన్నప్పుడు 18 వేలకు పైగా సంచికలు బయటపడ్డాయి. చల్లని పొడి గాలిలో, పుస్తకాల బరువు కిందే అణగి, కొత్తవాటిలా ఉన్నాయి. ఈనాటి ఇస్త్రీపెట్టె చేసే పని ఆ దొంతర ఊరికే చేసిపెట్టింది. వాటిలో చాలా అట్టల మీద దుకాణం నాటి పెన్సిలు గుర్తులున్నాయి. వేరే పుస్తకం మీదైతే అలాంటి గీతను వంకపెట్టేవారే. ఇక్కడ ఆ గుర్తు వంశవృక్షం కింద చెల్లుతుంది, ధర పెంచుతుంది. అంకె అందరినీ సమంగా చూస్తుందన్న మాట ఈ పెన్సిలు గీత దగ్గర తడబడుతుంది.

ఆ దొంతరల్లో ‘యాక్షన్’ మొదటి సంచిక కూడా ఉంది. తెలిసినవాటిలోకెల్లా మేలైన ప్రతి అదేనని సేకర్తలలో ప్రసిద్ధి. దాన్ని కొన్న సేకర్త సీజీసీకి పంపలేదని కూడా అంతే ప్రసిద్ధి. దానికి అంకె లేదు. పేజీ తిప్పవచ్చు.