గట్టు మీద మన చోటు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు సాగిన ఆ వలసలో నాటాల్ చెరకు తోటలకు వచ్చిన మన పూర్వులలో విశాఖ, గంజాం జిల్లాల వారెందరో ఉన్నారు. ఒప్పందం తీరిన భారతీయులలో కొందరు డర్బన్ రేవులో వలలు వేసి బ్రతికారు. కనుక చేపల వేట మనకు పాతదే. బాస్ చేప మాత్రం కొత్తది. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. 1928లో దక్షిణాఫ్రికాకు తెచ్చారు.

చేప వచ్చింది గాని, గట్టు అందరిదీ కాలేదు. 1953 నాటి ప్రత్యేక సౌకర్యాల చట్టం బహిరంగ స్థలాలను జాతుల వారీగా విడదీసింది. అది 1990లో రద్దయింది. వెరూలం దగ్గరి హేజెల్‌మియర్, 1989లో పూర్తయిన ఇనాండా వంటి జలాశయాల గట్లపై నేడు మన పిల్లలు ఎవరి పక్కనైనా నిలిచి గాలం వేయవచ్చు.

జనం పెరిగిన గట్టు దగ్గర చేపకు జాగ్రత్త పెరుగుతుంది. ఒకసారి గాలం తగిలిన బాస్ మళ్ళీ అంత తేలికగా ఎర ముట్టదు. పడవ లేనివారు తెల్లవారుజామున అలికిడి లేకుండా నడిచి, రెల్లు అంచున, మునిగిన చెట్ల చెంత ఎర వేయాలి. వసంతంలో మగచేప గుడ్లకు కాపలా కాస్తుంది. దానిని పట్టుకుపోతే గుడ్లు ఇతర చేపల పాలవుతాయి. వెంటనే అక్కడే వదలడం ధర్మం. అయితే బాస్‌ను వేరే ఏరులలోకి చేర్చరాదు. అక్కడి స్వదేశీ చిరుచేపలను అది తినివేస్తుంది.

పెద్దలకు దక్కని గట్టు మనకు దక్కింది. దానిని శుభ్రంగా, చేపలతో సహా, మన పిల్లలకు అప్పగిద్దాం.