లక్సాటికా
కళ్లజోళ్ల తయారీలో పేరుమోసిన ఇటలీ సంస్థ. మిలాన్ అనాథాశ్రమంలో పెరిగి, అచ్చులు చేసే కార్ఖానాలో పని నేర్చిన లియొనార్డో డెల్ వెక్కియో 1961లో దీన్ని అగోర్దో అనే కొండ ఊళ్లో స్థాపించారు. పరిశ్రమ పెట్టేవారికి అప్పట్లో అక్కడ స్థలం ఉచితం. ఆ ఊరికి పని అవసరం కూడా: పక్కనున్న వాలె ఇంపెరీనా రాగి గనులు మరుసటి ఏడే మూతపడ్డాయి. మొదట్లో కొద్దిమంది కార్మికులు ఇతర కంపెనీలకు ఫ్రేముల విడిభాగాలు చేసిచ్చేవారు. 1967 నుంచి సొంత పేరుతో పూర్తి ఫ్రేములు వచ్చాయి. అసలు విస్తరణ కొనుగోళ్లతోనే జరిగింది. 1995లో అమెరికా దుకాణాల గొలుసు లెన్స్‌క్రాఫ్టర్స్, 1999లో రేబాన్, 2007లో ఓక్లీ దీని చేతికొచ్చాయి. దాంతో కొత్త ఉద్యోగాల్లో ఎక్కువ భాగం కార్ఖానాల్లో కాక దుకాణాల్లో పుట్టాయి. 2018లో ఫ్రాన్స్ లెన్సుల సంస్థ ఎసిలార్‌తో కలిసిపోయింది.